నేను పంపని నవ్వు

దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. సిరిసిల్లలో పుట్టాను. మా ఇంటి చుట్టూ సాంచెలే. మరమగ్గాలను మా దగ్గర అట్లా అంటారు. ఆ మోతలో దయ్యం వచ్చి పిలిచినా వినబడదని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

పెళ్లయి కోరుట్ల వచ్చాను. మా బావ, అంటే నా భర్త, మస్కట్‌లో పనిచేస్తాడు. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు వీడియో కాల్. కొత్తగా రంగులు వేసిన ముందు గదిలో, మంచి చీర కట్టుకుని, అత్త పక్కన కూర్చుని నవ్వాలి. అటువైపు ఆయనతో ఒకే గదిలో ఉండే తోటి పనివాళ్లంతా ఉంటారు. ఆయనా నవ్వుతాడు. మిగతా రోజుల్లో "తిన్నవా", "తిన్న" అని మెసేజులు. వాటిలో ఏడుపూ ఉండదు, నవ్వూ ఉండదు.

"ఎండల కష్టపడేటోనికి మన ఏడుపు మొఖం జూపొద్దు బిడ్డా" అంటుంది అత్త. గల్ఫ్ ఇళ్లలో ఇదే పద్ధతి. ఆమె చెడ్డది కాదు. మామ దుబాయిలో ఉన్నన్నాళ్లూ ఆమె కూడా అట్లాగే నెట్టుకొచ్చింది.

బావ సెలవు మీద వచ్చి వెళ్లాక నాకు నెల తప్పింది. కుదురుకున్నాక చెబుదామని అత్త ఆపింది. మూడో నెలలో పోయింది. జగిత్యాల ఆస్పత్రిలో ఉన్నాను. ఆ శుక్రవారం జ్వరమని చెప్పి కాల్ తప్పించాం. మరుసటి శుక్రవారం పౌడర్ రాసుకుని కూర్చున్నాను. నా మొహం మీద నాకే రోత పుట్టింది.

కంపెనీ వాళ్లు ఇంకో రెండేళ్లకు సంతకం అడుగుతున్నారని ఆ రోజే బావ చెప్పాడు. "నువ్వేమంటవ్?" అన్నాడు. అందరి ముందు ఏమంటాను? "నీ ఇష్టం బావా" అని నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద పసుపు ఆరబోస్తూ వాయిస్ మెసేజ్ పెట్టాను. మొహం కనబడదు కదా, ధైర్యం వచ్చింది. "బావా, సంతకం పెట్టకు. నాకు కడుపు పోయింది. నేను మంచిగ లేను. వచ్చెయ్యి." ఏడుస్తూనే చెప్పాను. పక్క డాబా మీదున్న లచ్చవ్వ చూసి, "ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా?" అని గోడ దాకా వచ్చింది.

సాయంత్రం బావ జవాబు వచ్చింది. "నీ నవ్వు ఇన్నంక మనసు నిమ్మలమైంది. సంతకం పెట్టిన."

నేను పంపిన మెసేజ్ తెరిచి విన్నాను. గొంతు నాదే. నవ్వుతోంది. "నా రంది పెట్టుకోకు బావా. ఈడ అందరం మంచిగున్నం. రెండేండ్లు ఎంతల వోతయ్?" వెనక సాంచెల మోత. కోరుట్లలో మా వాడలో ఒక్క సాంచె లేదు. నేను పుట్టింటికి వెళ్లి అప్పటికి ఏడాది దాటింది. పాత మెసేజేమో అని వెతికాను. ఆ రోజు నేను పంపింది అదొక్కటే.

లచ్చవ్వకు వినిపించాను. "నువ్వేడ్సుడు నా కండ్లార చూసిన" అని లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు నేను డాబా ఎక్కితే ఆమె దిగిపోతుంది.

వెంటనే వీడియో కాల్ చేశాను. ఈసారి వంటింట్లోంచే, జుట్టు కూడా దువ్వుకోకుండా. "బావా" అన్నానో లేదో ఏడుపు తన్నుకొచ్చింది. చెంపలు తుడుచుకుంటే చెయ్యి తడిసింది. తెర మూలన చిన్న గడిలో నా మొహం నవ్వుతోంది. పౌడర్ కూడా ఉంది. "గింత సంతోషమేందే?" అని బావ కూడా నవ్వాడు.

చివరికి ఉన్నదున్నట్టు చెప్పమని మా అన్నతో ఫోన్ చేయించాను. బావ నమ్మలేక అత్తను అడిగాడట. ఆమె పద్ధతి తప్పలేదు, అందరం మంచిగున్నమనే చెప్పింది.

ఇది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. శుక్రవారం ఫోన్ మోగితే పౌడర్ రాసుకుంటాను. పోయి ముందు గదిలోనే కూర్చుంటాను.

ఇదంతా రాసి రెండుసార్లు చదువుకున్నాను. ఇప్పటికైతే నా మాటలే ఉన్నాయి. మీ దాకా వచ్చేసరికి ఇందులో ఎక్కడైనా నేను బాగున్నానని ఉంటే, దయచేసి నమ్మకండి.