బంతి ముట్టని ఆటగాడు

ఆ కబడ్డీ ఆట మొదలైంది శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకు. ఇవాళ మా వీధిలో ట్యాంకరుతో నీళ్లు చల్లుతుంటే తడిసిన దుమ్ము వాసన తగిలింది. ఒమాన్ దేశంలోని బహ్లాలో మా కూలీల క్యాంపు వెనక మేం తడిపి ఆడిన మైదానమూ, దాని అంచున నిలబడ్డ డేవ్ సాబూ కళ్లముందుకొచ్చారు. తొంభైల మొదట్లో మాట.

డేవ్ సాబ్ అమెరికా మనిషి, మా సైట్‌కు ఫోర్‌మన్. తలుపుకు అడ్డం నిలబడితే గదిలో చీకటయ్యేది. అంతకుముందు వాళ్ల దేశంలో జీతానికి ఫుట్‌బాల్ ఆడేవాడు. కాలితో తన్నే ఆట కాదు; మొహానికి చువ్వలున్న టోపీ పెట్టుకుని, బంతిని చేత్తో విసిరే ఆట. విసిరేవాడి ముందు వరుసలో నిలబడి, వాడి మీదికి దూకేవాళ్లను ఆపడం ఈయన పని. బంతి ముట్టే పనే లేదు. మోకాలు చెడి ఆట మానేశాక మా దగ్గర తేలాడు. హైదరాబాదు డ్రైవరు ఖాజా భాయి ఈ సంగతి చెప్పినప్పుడు మేం పడీపడీ నవ్వాం.

"బంతి ముట్టకుంటే జీతమెందుకిచ్చిన్రు సాబ్?" అని అడిగాను.

ఖాజా భాయి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేశాడు. "ఆ విసిరెటోని అమ్మను అడుగుమంటుండు. ఏటేటా ఆమె ఈయనకు కేకు పంపేదట."

నేను లావు మనిషిని. కబడ్డీలో కూతకు పోతే ఊపిరాడదు. పక్క కంపెనీ క్యాంపుతో పోటీ కుదరగానే మా కెప్టెన్ రాజన్న, "గంగారం, ఆ శుక్రవారం నువ్వు వంటకాడ ఉండు తియ్యి" అన్నాడు. మొహం ముడుచుకుని కూర్చున్నాను. డేవ్ సాబ్ వచ్చి నన్ను లేపాడు. ఆ వారమంతా డ్యూటీ అయ్యాక మోకాళ్లు వంచి నిలబడటం నేర్పాడు. వచ్చేవాడి కళ్లు చూడకు, బొడ్డు చూడు. కళ్లు మోసం చేస్తాయి, బొడ్డు చేయదు. అడుగు చిన్నది వేయి. చేతులు తెరిచి ఉంచు. రాజన్న అది చూసి, "సరే, ఒక్క ఆట. ఓడితే మళ్ల గంటె పట్టాలె" అన్నాడు.

మొదటి కూతకు వచ్చినవాడు నా ఛాతీకి గుద్దుకుని ఆగిపోయాడు. నేనూ ఆగాను, చేతులు తెరుచుకుని. వాడు నన్ను ముట్టుకుని, పక్కనుంచి నింపాదిగా గీత దాటిపోయాడు.

"పట్టవేందిరా? పెండ్లికి పిలుస్తున్నవా వాన్ని?" అన్నాడు రాజన్న.

డేవ్ సాబ్ ఆటలో అవతలివాణ్ని పట్టుకుంటే తప్పట. మాకు పట్టుకోవడమే ఆట. "ఇస్మే పకడ్నాచ్ హై సాబ్," అని ఖాజా భాయి పట్టుకుని చూపిస్తే ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

అవుటై బయట కూర్చున్న నేను మళ్లీ లోపలికొచ్చేసరికి చెరి సమానం. ఆఖరి కూత వాళ్లది. వచ్చినవాడు మూలనున్న పోశెట్టిని ముట్టి వెనక్కి తిరిగాడు. వాడికీ గీతకూ మధ్య నేను. బొడ్డు ఎడమకు జరిగితే ఎడమకు జరిగాను, కుడికి జరిగితే కుడికి. వాడి కూత సన్నబడింది. అంతలో రాజన్న వెనకనుంచి నడుము పట్టి పడేశాడు.

అందరూ రాజన్నను భుజాలకెత్తుకున్నారు. డేవ్ సాబ్ మాత్రం కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తబోయాడు. ఎత్తలేక నాతోపాటు మట్టిలో పడ్డాడు. భుజాల మీదినుంచే రాజన్న అన్నాడు: "వంటకు ఇంకొకన్ని చూడుండ్రి. గంగారం ఆడుతడు."

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. పేపరులో ఆటల పేజీ కూడబలుక్కుని చదివితే, గెలిపించిన ఒక్కడి పేరే ఉంటుంది. వాడి ముందు ఎవరు నిలబడ్డారో అని నేను వెతుకుతాను. ఆ బుద్ధి డేవ్ సాబ్ ఇచ్చింది. అందుకే అందరినీ రాస్తున్నాను. గీత లోపల రాజన్న, పోశెట్టి, లింగయ్య, భూమన్న, సాయిలు, జైపాల్, నేను. గీత బయట ఖాజా భాయి, డేవ్ సాబ్. రేకుల షెడ్డులో నా బదులు గంటె పట్టి, ఆట చూడకుండానే మా అందరికీ కూర వండిన నర్సయ్య.