అంచున ఉన్న నాలుగు వరుసలు

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. కట్టుకున్న భార్యకు చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను నమ్మి కాగితం చేతిలో పెట్టిన మనిషిని నేను నిలువునా ముంచాను.

అప్పట్లో నేను బల్మూరు దగ్గర ఒక ఊళ్లో బడిపంతులిని. నాగర్‌కర్నూలులో ఉర్దూ మిడిలు పరీక్ష పాసై వచ్చినవాణ్ణి. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలోనే ఉండేవి కాబట్టి, సమన్లు వచ్చినా, నోటీసు వచ్చినా జనం నా అరుగు మీదికే వచ్చేవారు. నేను గొంతు సవరించుకుని ముందు ఉర్దూలో చదివేవాణ్ణి, వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదని తెలిసి కూడా. తర్వాత తీరిగ్గా తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ ఉర్దూ చదవడమెందుకు? ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది.

ఎల్లప్ప రాళ్లపని మేస్త్రి. రెండు బండ్లు, నాలుగు ఎద్దులు, భార్య, ఇద్దరు తమ్ముళ్లు, వాళ్ల సంసారాలు, అంతా కలిసి ఒకే పనిముఠా. ఊరి బయట వాగు మీద బండ్లు దాటడానికి సర్కారు మోరీ కట్టే పని ఒక గుత్తేదారుకు వచ్చింది. రాతిపని వరకు ఎల్లప్పకు అప్పగిస్తూ ఆయన కరారు కాగితం రాయించాడు. ఎవరితోనైనా చదివించుకుని, మూడు రోజుల్లో వేలిముద్ర వేసి తెమ్మన్నాడు. ఊళ్లో ఉర్దూ చదవగల ఇంకో మనిషి పట్వారీ, ఆయనేమో ఆ గుత్తేదారుకు చుట్టం. అందుకని ఎల్లప్ప నా దగ్గరికి వచ్చాడు.

కాగితం మధ్యలో ఉన్నదంతా గుండ్రటి రాత. గడగడా చదివాను. రాయి ఎవరు తేవాలి, సున్నం ఎవరివ్వాలి, పని ఎప్పటికి ముగియాలి. ఎల్లప్ప ఒక్కో షరతుకూ ఒక వేలు మడుస్తూ విన్నాడు. తర్వాత కాగితం పక్కకు తిప్పాను. అంచున అడ్డంగా నాలుగు వరుసలు, కచేరీ గుమాస్తాలు రాసే షికస్తా రాత. దానికి చుక్కలుండవు. అక్షరాలు విరిగి ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. బడి పుస్తకాల్లో నేర్చిన ఉర్దూ అక్కడ చెల్లదు. నాకు ఒక్క మాట కూడా తెలియలేదు.

"గా అంచుకు ఏందో రాసిండ్రు గదా, పంతులూ?" అన్నాడు. చదువు రానివాడే, కానీ రాయి అంచులు చూసి చూసి ఆరితేరిన కన్ను.

"ఏం లేదు. సర్కారు పనుల కాగితమంటే గట్లనే రాస్తరు. మామూలు మాటలే," అన్నాను.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ఎన్నేళ్లుగానో దీన్నే తిప్పి తిప్పి చూస్తున్నాను. గుత్తేదారు నాకేమీ ఇవ్వలేదు. ఎల్లప్ప మీద కోపం లేదు, పైగా ఇష్టం. గడువు మూడు రోజులుంది, నాగర్‌కర్నూలులో చదవగల మున్షీలున్నారు, పోయి చూపించుకో అంటే సరిపోయేది. అరుగు మీద ఇంకో నలుగురున్నారు, వాళ్ల ముందు తల వంచలేకనా? ఏమో, వాళ్లు లేకపోయినా అదే అనేవాణ్ణేమో. చిత్రమేమిటంటే, అలా అంటున్నప్పుడు కూడా ఆ వరుసల్లో ఏముందోనని నా మనసు ఒకటే పీకింది.

ఎల్లప్ప వేలిముద్ర వేశాడు.

మొదటి వానాకాలమే వాగు పొంగి మోరీ ఒక పక్క కూలింది. సున్నం గుత్తేదారు ఇచ్చిందే, గానుగలో సరిగా ఆడించనిది. ఎల్లప్ప ఎంత మొత్తుకున్నా వినలేదు. అప్పుడు పట్వారీ ఆ అంచు చదివి వినిపించాడు. రెండు వానాకాలాల్లోపు ఒక్క రాయి కదిలినా, కారణం ఏదైనా సరే, మేస్త్రి తన మనుషులతో కూలి లేకుండా మళ్లీ కట్టాలి. కట్టేదాకా అతని బండ్లు, ఎద్దులు గుత్తేదారు దగ్గరే ఉండాలి. బండ్లు లేకుండా రాయి ఎట్లా తెస్తాడు? రాయి లేకుండా ఏం కడతాడు?

ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. కోపంగా వచ్చినా బాగుండేది.

"పంతులూ, గీ షరతు నువ్వు నాకు చదివి చెప్పినవా?"

"చెప్పిన. నువ్వే మర్చిపోయినవ్."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నేను కళ్లు దించలేదు.

"గట్లనా," అన్నాడు చివరికి. "పని దొరికిందన్న సంబురంల నా చెవుల వడలేదేమో. ఉత్తగనే నీ మీద అనుమానపడ్డ. ఏమనుకోకు, పంతులూ."

దండం పెట్టి వెళ్లిపోయాడు.

మొదటి అబద్ధం చేతకానితనం, రెండోదానికి ఏం పేరు పెట్టాలి? ఎద్దుల్ని గుత్తేదారు తీసుకున్నాడు. అతని జ్ఞాపకం మీద అతనికున్న నమ్మకాన్ని నేను తీసుకున్నాను. కొలతలన్నీ బుర్రలోనే పెట్టుకుని గోడ లేపే మనిషి, ఆ తర్వాత ప్రతిదానికీ భార్యతో "నాకు యాదుండదు, నువ్వే యాది వెట్టుకో" అనేవాడట. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను. అయినా వెళ్లి నిజం చెప్పలేదు. నెల తిరక్కముందే వాళ్లంతా మూటలు నెత్తిన పెట్టుకుని రాయచూరు వైపు నడిచిపోయారు.

తర్వాత నాకు వనపర్తికి బదిలీ అయింది. అక్కడ ఒక ముసలి మున్షీ దగ్గర రెండేళ్లు కూర్చుని షికస్తా నేర్చుకున్నాను. పశ్చాత్తాపంతో నేర్చానని రాస్తే బాగుంటుంది. నిజానికి, నన్ను ఓడించిన ఆ రాత ఏమిటో చూడాలన్న ఆరాటమే ఎక్కువ. తీరా చూస్తే అది అంత కష్టమేమీ కాదు. ఇప్పుడు ఎవరు కాగితం తెచ్చినా అంచులతో సహా చదివి పెడతాను. అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు ఇప్పటికీ తియ్యగానే ఉంటుంది. నేనెలాంటి మనిషినో నాకే అంతుపట్టదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. ఇంతవరకు రాసేసరికి గుండె కాస్త తేలికైంది, ఆ తేలికకు నేను తగనని తెలిసినా. అతనికి చెప్పవలసింది మాత్రం ఇంకా మిగిలే ఉంది. అది కూడా ఇక్కడే రాస్తున్నాను.

ఎల్లప్పా, నాకు ఆ రాత చదవడం రాలేదు. ఆ షరతు నేను నీకు చెప్పనే లేదు. నువ్వు ఏదీ మరిచిపోలేదు.