ఆమెన్ అనేలోపు ఒక గీత

ఈ ఫోన్ పాప చేతిలోంచి జారిపడితే కోపంలో నేను పిల్లను ఏం చేస్తానో ఏమో.

కొత్త ఫోన్ డబ్బా విప్పుతుంటే నాకు కలిగిన భయం ఇది. పక్కనే నాలుగేళ్ల నా కూతురు రెండు చేతులూ చాపి కూర్చుంది. అప్పుడే యేసుదానం పెదనాన్న గుర్తొచ్చాడు.

కొత్తగూడెం గని క్వార్టర్స్‌లో మాకు పక్కిల్లు ఆయనది. ఆయనకు ఒకటే జబ్బు. ఎవరు టచ్ ఫోన్ కొన్నా, దాని స్క్రీన్ మీద ఒక గీత గీసేదాకా ఆయనకు అన్నం సయించేది కాదు.

ఫోన్ల కోసం ఆయన ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. మా దగ్గర బండి కొన్నా, కుట్టుమిషన్ కొన్నా ముందు సంఘపెద్దతో ప్రార్థన చేయించడం అలవాటు. ఆ సంఘపెద్ద ఈయనే. ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. మేమూ మూసుకునేవాళ్ళం. ఇందులో మంచి కబుర్లే రావాలని, ఇది నీళ్ళ బకెట్లో పడకూడదని, ఛార్జింగ్ నిలవాలని తీరిగ్గా ప్రార్థించేవాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి స్క్రీన్ మూలన గోరంత గీత.

"ఇదేంది పెద్దన్నా?" అని షాలేమ్‌రాజు బాబాయి లబోదిబోమంటే, "పరీక్ష చేసిన. గట్టిగనే ఉన్నది, వాడుకో" అన్నాడు.

సంగతి పాకింది. కొత్త ఫోన్ తెచ్చినవాళ్ళు ఒక కన్ను తెరిచి ప్రార్థించడం మొదలుపెట్టారు. కొందరు భార్యాభర్తలైతే వంతులు వేసుకున్నారు. అయినా గీత పడేది.

ఇందులో నా పాపమూ ఉంది. మొదట్లో ఆయన ఆయుధం తాళంచెవి. కొత్త రకం ఫోన్లు వచ్చేకొద్దీ తాళంచెవి ఓడిపోయింది. నేనప్పుడు బీఎస్సీ ఫిజిక్స్. తెలిసింది చెప్పకుండా ఉండలేని వయసు. ఆ గాజు ఇనుము కంటే గట్టిదని, ఇసుక ఆ గాజు కంటే గట్టిదని పాఠం చెప్పాను. వారం తిరక్కుండా ఆయన భద్రాచలం దగ్గరి తన ఊరు బూర్గంపాడు వెళ్ళి పొడుం డబ్బీ నిండా గోదావరి ఇసుక తెచ్చుకున్నాడు.

ఎదురింటి పుల్లమ్మత్త ఆ ఇసుక భద్రాచలం రేవుదని విని కళ్ళకద్దుకుంది. మీ ప్రార్థన, మా రాములోరి ఇసుక, ఇంకేం కావాలని తన ఫోన్ తనే తెచ్చిచ్చింది. తీరా గీత చూసి, "జర పెద్దగ గీయరాదు అన్నా? షాలేమ్‌రాజు ఫోనుకు ఇంతకంటే పొడుగున్నది" అంది.

నేను ఉద్యోగంలో చేరి ఫోన్ కొన్నప్పుడు మాత్రం ప్రార్థనకు ఇవ్వలేదు. పది రోజులు బీరువాలో దాచి వాడుకున్నాను. ఆదివారం చర్చిలో ఫోన్ బెంచీ మీద పెట్టి తల వంచాను. తల ఎత్తేసరికి ఆయన పక్క బెంచీలో పాటల పుస్తకం తిరగేస్తున్నాడు. ఫోన్ మూలన గీత మెరుస్తోంది.

నిజంగానే కోపమొచ్చింది. ఆయన భార్య ఫ్లోరెన్స్ పెద్దమ్మ దగ్గర పంచాయితీ పెట్టాను. ఆమె చాయ్ వడపోస్తూ చెప్పింది.

"మా ఇంట్ల మొదటి టచ్ ఫోన్ మా జయరాజ్ చేతులకెల్లి జారింది. నువ్వప్పుడు ఖమ్మం హాస్టల్ల ఉన్నవ్. పోరనికి ఏడేండ్లు. చిన్న గీత పడ్డది, అంతే. మీ పెదనాన్న చెయ్యి లేపిండు. కొట్టలే, లేపిండు. వాడు ఉరికిపోయిండు. క్వార్టర్లన్నీ దేవులాడితే, చర్చిల డ్రమ్ము వెనక పండుకుని ఉన్నడు. లేపంగనే వాడు అడిగిందేందో తెలుసా? 'నాన్నా, ఫోన్ నయమైందా?' అని."

పెదనాన్న ఆ చేతిని అలాగే జేబులో పెట్టుకున్నాడట. మళ్ళీ బయటకు తీసింది తాళంచెవితోనే.

ఇదంతా ముందే చెప్తే అయిపోయేది కదా అని ఆయన్ను అడిగాను. చెప్తే ఎవడన్నా కళ్ళు మూసుకుంటడా అన్నాడు.

రిటైరై బూర్గంపాడు వెళ్ళిపోతున్న రోజు ఆ పొడుం డబ్బీ నా చేతిలో పెట్టాడు. నా కూతురు అప్పటికి నెలల పిల్ల.

ఇప్పుడు ఆ డబ్బీ తీశాను. పాపను కళ్ళు మూసుకోమన్నాను. ఒక కన్నే మూసింది. ఇది ఎవరు నేర్పారో తెలియదు. ఇసుక చిటికెడు తీసుకుని, డబ్బీ ఇస్తూ ఆయన నాతో చెప్పినట్టే స్క్రీన్ మూలన గీశాను:

"మొదటి గీత నువ్వే గీయి బిడ్డా. రెండో గీతకు ఎవ్వరికీ అంత కోపం రాదు."