క్రేన్ దిగని మావయ్య

సూట్‌కేసు అటక మీద పెట్టేద్దామని దులుపుతుంటే అడుగున నా నీలం చున్నీ దొరికింది. ఉతకడం మరిచిపోయాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉప్పు, కాల్చిన చేప, కట్టెల పొగ. స్పెయిన్‌లో మాలగా అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున, పాత పడవలో ఇసక నింపి నిప్పులు పేర్చి, పుల్లకు గుచ్చిన చేపల్ని కాలుస్తారు. ఆ పొగ ఇల్లు చేరినా పోలేదు. స్నేహితులతో వారం రోజులు హాయిగా తిని తిరిగి వచ్చినదాన్ని, ఆ వాసనకి మురిసిపోవాలి కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన మనిషి మీద కోపమేమిటని మా అమ్మ అంటుంది. సింహాచలం మావయ్య మీద నా కోపం ఆయనతో పాటు పోలేదు, నేనేం చెయ్యను?

మావయ్య అంటే మేనమామ కాదు. భిలాయిలో మా క్వార్టరూ వాళ్ళ క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ. విజయనగరం వైపు నుంచి మా నాన్నతో కలిసి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరాడు. ఓవర్‌హెడ్ క్రేన్ నడిపేవాడు. కరిగిన ఇనుము నిండిన బకెట్టుని మనుషుల నెత్తి మీదుగా షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి మోసే క్రేన్ అది. కప్పు కింద చిన్న క్యాబిన్లో, నిచ్చెనెక్కి వెళ్ళి, ఎనిమిది గంటలు ఒక్కడే కూర్చునేవాడు. తర్వాతి షిఫ్టు మనిషి పైకొచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేసేదాకా దిగకూడదు. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే మరో ఎనిమిది గంటలు అక్కడే.

నాకూ ఆయన కూతురు జ్యోతికీ స్కూటరు నేర్పింది ఆయనే. ఒకసారి మైదానం మధ్యలో స్కూటరు స్టార్ట్ చేసి ఉంచి, నేను దిగి ఐస్‌ఫ్రూట్ బండి దగ్గరకి పరిగెత్తాను. మావయ్య కేకేసి వెనక్కి పిలిచాడు. "ఏటే పాపా, సీటంటే కుర్చీ అనుకున్నావేటి? కింద నడిసే మనుసుల తలకాయలే అది. వదిలేసి పోతావా?" ఆ రోజు ఐస్‌ఫ్రూట్ తినలేదు. ఆ మాట మాత్రం మర్చిపోలేదు. ఇవాళ భిలాయి పక్కన జాముల్ దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో, కొలిమి నడిపే డ్యూటీకి ఇన్‌ఛార్జిగా ఉన్నానంటే, నా చేతికింద ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదంటే, అది ఆయన పెట్టిన భయమే. అంతవరకు ఆయనకి దణ్ణం పెడతాను.

ఇక కోపం సంగతి. వరాలత్త, అంటే మావయ్య భార్య, భీమిలి మనిషి. సముద్రం చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదట పెళ్ళైన కొత్తలో. ఓ ఎండాకాలం మావయ్య భీమిలికి వారం రోజుల ప్రయాణం పెట్టాడు. నన్నూ తీసుకెళ్తామన్నారు. నాకు పదకొండేళ్ళు. మావయ్య రెండింటికి డ్యూటీ దిగి తిన్నగా దుర్గ్ స్టేషన్‌కి వస్తానన్నాడు. అత్తా, జ్యోతీ, నేనూ ట్రంకుపెట్టె మీద కూర్చుని ప్లాట్‌ఫారం చివరికి చూస్తూనే ఉన్నాం. విశాఖ బండి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. అత్త చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచింది.

"ఏటి సేత్తాం. రిలీవర్ రానేదు కావాల" అంది.

తర్వాతి ఎండాకాలమూ అంతే. ఆ పై ఎండాకాలమూ అంతే. మూడోసారి వెనక్కి వచ్చాక అత్త ట్రంకుపెట్టెలో బియ్యం పోసుకుంది. మళ్ళీ ఎవరూ సముద్రం మాట ఎత్తలేదు. ఆ రాని రిలీవర్‌ని నేనూ జ్యోతీ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం. దేవాంగన్ అని పేరు తెలుసు. మనిషిని చూడకుండానే ఏళ్ళ తరబడి అసహ్యించుకున్నాం.

మావయ్య పోయిన పదకొండో రోజున ఆ దేవాంగన్ వచ్చాడు. సన్నగా, నెరిసిన జుట్టుతో, చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. జ్యోతి ఊరుకోలేక అడిగేసింది, అంకుల్, మీరు ఎందుకు రాలేదు ఆ మూడుసార్లు అని. ఆయన బిత్తరపోయాడు.

"మై తో హర్ రోజ్ టైమ్ పే ఖడా రహతా థా, బేటీ. భయ్యా ఉతర్తే హీ నహీఁ థే."

రోజూ టైముకే వచ్చి నిచ్చెన కింద నిలబడేవాడట. మావయ్యే దిగేవాడు కాదట. నువ్వింకా కుదురుకోవాలి, ఇవాళ్టికి నేనే చూస్తాను, పోయి టీ తాగు అని పైనుంచి చెయ్యి ఊపేవాడట. పదహారేళ్ళు కుదురుకుంటూనే ఉన్నాడు పాపం దేవాంగన్. ఆయనకి టీ తెచ్చిన వరాలత్త గ్లాసు కింద పెట్టి, "నాకెప్పుడో తెల్సు. పిల్లలకి సెప్పి ఏటి సేత్తాను?" అని లోపలికి వెళ్ళిపోయింది.

భీమిలి తీసుకెళ్తానని జ్యోతి అంటే అత్త ఇప్పుడెందుకే అంది. దాంతో దానికి పంతం పట్టుకుంది. "నాన్న పేరు తెలియని సముద్రం కావాలి నాకు" అని, మా బడి స్నేహితుల్ని ఇద్దర్ని, నన్ను కలిపి మాలగాకి ప్రయాణం పెట్టింది. రెండుసార్లు నేనే చెడగొట్టాను. కొలిమి రిపేరని ఒకసారి, నేను లేనప్పుడు నా సీటు చూసుకునే దామిని కొత్తదని ఒకసారి. మూడోసారి జ్యోతి ఒకే మాట చెప్పింది. "రాకపోతే నాతో ఇంక మాట్లాడకు."

వెళ్ళాను. ఫోనుతో వెళ్ళాను. మధ్యాహ్నం దుకాణాలు కట్టేసి ఊరంతా నిద్రపోతుంటే, భోజనం బల్ల దగ్గర మిగతా ముగ్గురూ గంటల తరబడి నవ్వుతుంటే, నేను దామినికి ఫోన్ చేసి కొలిమి వేడి ఎంతుందని అడుగుతున్నాను. నాలుగో రోజు దామిని సందేశం పెట్టింది. "సబ్ ఠీక్ హై దీదీ. ఆప్ ఘూమియే." అంతా బాగానే ఉంది, మీరు హాయిగా తిరగండి అని. అది చదువుకుంటూనే మళ్ళీ నంబరు నొక్కాను. చేపముల్లు తీస్తున్న జ్యోతి చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు ఇక్కడ లేవే. నాన్న పక్కన క్యాబిన్లో కూర్చున్నావు."

చెంప మీద కొట్టినట్టయింది. ఫోను కట్టేసి ఆమె చేతిలో పెట్టి నీళ్ళలోకి దిగాను. నడుము లోతుకి వెళ్ళి నిలబడ్డాను. ఏమీ కాలేదు. ఎక్కడా ఏదీ కూలలేదు. ఇంత సులువా దిగడం? ఆ సులువే నాకు కోపం తెప్పించింది. నాలుగు మెట్లు దిగితే సరిపోయేదానికి ఒక ఆడమనిషి ట్రంకుపెట్టె మీద మూడు ఎండాకాలాలు కూర్చుంది. ఆ నీళ్ళలో నిలబడి మావయ్యని నా నోటికి తెలిసిన బూతులన్నీ తిట్టాను. మిగిలిన మూడు రోజులూ ఫోను అడగలేదు.

తిరిగొచ్చిన మర్నాడు, అంటే ఇవాళ, సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. రెండింటికి దిగాల్సిన దామిని సీట్లోనే ఉంది. ఆమె తర్వాత కూర్చోవాల్సిన వర్మ, భుజాన టిఫిను సంచితో, కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అని అడిగితే, రెండింటి నుంచీ అన్నాడు. వారమంతా ఇదే వరస అట.

"మీరొచ్చేదాకా నేనే చూద్దామనుకున్నా దీదీ" అంది దామిని, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే. "మీరైతే లేచేవారా?"

ఇంట్లో ఇద్దరు పిల్లలు ఆమెకి. నేను నేర్పిన పాఠమే. నా నోట ఎప్పుడూ చెప్పకుండా, రోజూ చేసి చూపించి నేర్పాను.

"లే!" అని అరిచాను. కంట్రోల్ రూమ్‌లో అందరూ తిరిగి చూశారు. "రిలీవర్ వచ్చాడు కదా, లే అక్కణ్ణుంచి!"

దామిని కళ్ళనీళ్ళతో సంచి తీసుకుని వెళ్ళిపోయింది. రేపు క్షమించమని అడగాలి. అరిచింది ఆమె మీద కాదని ఎలా చెప్పాలో తెలియడం లేదు. దిగు మావయ్యా, రిలీవర్ వచ్చాడు, అత్త స్టేషన్లో కూర్చుని ఉంది.