రెండో తాళంచెవి

మా ఊరి ఉత్తర ద్వారానికి రెండు తాళాలు. ఒకదాని చెవి మేయరు ఓదార్ దగ్గర, రెండోది మా పేటలో రొట్టెలు కాల్చే నికేజ్ దగ్గర ఉండేవి. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. ఒకడు అమ్ముడుపోయినా ఊరు దక్కాలని పాతకాలంవాళ్ళు చేసిన ఏర్పాటు. అమ్ముడుపోయేది మేయరే అవుతాడని పాపం వాళ్ళకు తట్టలేదు.

పోపుగారు క్షమించేదాకా ప్రొటెస్టెంటు రాజును ఊళ్ళోకి రానిచ్చేది లేదని చర్చిలో అందరిచేతా ఒట్టు పెట్టించింది ఆ ఓదారే. కాదన్నవాళ్ళను తరిమించాడు. పేటలో సగంమంది ఏదో గొణిగి బయటపడ్డారు. నికేజ్ మాత్రం సువార్త మీద చెయ్యి వేసి ప్రతి మాటా నమ్మాడు.

కొన్నేళ్ళకు రాజు కాథలిక్ మతం పుచ్చుకున్నాడు. ఆయన సైన్యం దగ్గరపడింది. ఓదార్ రాజును కాదన్న పక్షంవాళ్ళ పచ్చ పట్టీ తీసేసి, రాజుగారి తెల్ల పట్టీ భుజాన వేసుకుని నికేజ్ కొట్టుకు వచ్చాడు.

"చెవి పట్రావయ్యా. రాజుగారికి తలుపు తియ్యాలి."

"పోపుగారు క్షమించారా ఆయన్ని?"

"పిండి పిసుక్కునేవాడివి, అవన్నీ నీకెందుకు?"

"పోపుగారు క్షమించందే ఆయన రాజు కాడని నాచేత ఒట్టు పెట్టించింది తమరేగా. పట్టీలు మార్చినట్టు మార్చడం నాకు చేతకాదు."

ఓదార్ వెళ్తూ వెళ్తూ నికేజ్ భార్య పెరెట్‌ను పక్కకు పిలిచాడు. "చెవి నువ్వే తెచ్చిచ్చెయ్యమ్మా. నీ మొగుడి మీద ఈగ వాలనివ్వను. లేదా, ఉరికొయ్యే గతి."

ఆమె హడలిపోయింది. నికేజ్ పొయ్యి దగ్గర ఉండగా చెవి తీసుకెళ్ళి ఇచ్చేసింది.

రాజు వచ్చాడు, జనం జేజేలు కొట్టారు. వారం తిరక్కుండానే రాజద్రోహులని కొందరిని వెళ్ళగొట్టారు. మొదటి పేరు నికేజ్‌ది. తన పాత మాటలు గుర్తుచేసే మనిషి కళ్ళెదుట తిరగడం ఓదార్‌కు గిట్టలేదు. సిగ్గులేని ముండాకొడుకు.

పెరెట్ అతని ఇంటికి పరుగెత్తింది. "మాటిచ్చారు కదండీ."

"ప్రాణం తియ్యలేదు కదమ్మా."

ఆమె మూట కట్టుకుని ద్వారం దాకా భర్త వెంట నడిచింది. నికేజ్ ఆగాడు. "నువ్వెక్కడికే? చెవి ఇచ్చినదానివి, నీకు ఊళ్ళో బోలెడు గౌరవం. ఉండి అనుభవించు." అంతే, సరిహద్దు అవతలి లొరైన్ వైపు వెళ్ళిపోయాడు.

మరుసటేడు పోపుగారు రాజును క్షమించారు. ఊరంతా గంటలు కొట్టారు. ఇక ఒట్టు తీరిపోయింది, అడ్డేముందని పెరెట్ మురిసిపోయింది. ఓదార్ కాళ్ళు పట్టుకుని శిక్ష రద్దు చేయించి, బండివాడితో మొగుడికి కబురంపింది.

బండివాడు ఒంటరిగా తిరిగొచ్చాడు. గుర్రాన్ని కట్టేసి పెరెట్ దగ్గరికి వచ్చాడు.

"పోపుగారు క్షమించింది రాజునట అమ్మా, నిన్ను కాదట. అదే చెప్పమన్నాడు."