అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే ఇంటికొచ్చే మల్లిక

మా మల్లికక్క పంపే ఉత్తరం మీకు వద్దనుకుంటే, దాని అడుగున ఉండే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అనే మాట మీద వేలు పెడితే చాలు. ఉత్తరం రావడం ఆగిపోతుంది. ఆ తరువాత మల్లికక్క వస్తుంది.

నకిరేకల్ బస్టాండు వెనక నాదో చిన్న నెట్ సెంటర్. పక్క గదిలో మల్లికక్క కిరాయికి ఉంటుంది. ఉద్యోగం లేదు, రాతే బతుకు. విత్తనాల దుకాణానికి కరపత్రం, ప్రైవేటు బడికి అడ్మిషన్ల పుస్తకం, ఫంక్షన్ హాలుకు వెబ్‌సైటు, ఎవరు ఏది అడిగినా రాసిస్తుంది. ఆ ఫంక్షన్ హాలు గురించి ఎంత అందంగా రాసిందంటే, పెళ్లయి ఇరవై ఏళ్లయిన మా ఆయన అది చదివి, “మంజులా, అండ్ల మల్ల పెండ్లి చేసుకోవాలనిపిస్తాంది” అన్నాడు.

“ఎవర్ని?” అన్నాను.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

2018లో ఒకరోజు అక్క మా సెంటర్‌కొచ్చి, “అందరికీ రాసిస్తున్న, నాకోసం నేను ఏం రాసుకుంటలేను” అని, ప్రతి శనివారం పొద్దున ఈమెయిల్లో ఒక ఉత్తరం పంపడం మొదలుపెట్టింది. పేరు ‘శనివారం జాబు’. నిమ్మకాయల మార్కెట్లో బస్తా ఎత్తగానే బరువు చెప్పే హమాలీ, బోరు మోటారు చప్పుడు విని రోగం చెప్పే మెకానిక్, ఇలాంటి వాళ్ల ముచ్చట్లు అందులో ఉండేవి. మొదటి జాబు పదకొండు అడ్రసులకు వెళ్లింది. అందులో నాలుగు మా ఇంటివి. ఆ నాలుగింట్లో రెండు నావే.

పన్నెండో మనిషి కోసం అక్క పడిన తిప్పలు ఎన్నికల్లో నిలబడ్డవాళ్లు కూడా పడరు. పెళ్లికి పోతే భోజనాల వైపు చూసేది కాదు. కట్నాలు చదివించే బల్ల పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని, నోటుబుక్కు తెరిచి కూర్చునేది. జనం ఆమెకే కవరు ఇవ్వబోయేవారు.

“పైసలు గాయనకియ్యిన్రి. నాకు మెయిల్ చెప్పున్రి.”

ఒకసారి పరమేష్ అనే నిమ్మకాయల వ్యాపారి దొరికాడు.

“నాకు మెయిల్ లేదక్కా.”

“ఫోనున్నదా?”

“ఉన్నది.”

“అయితే మెయిల్ కూడ ఉన్నది. నువ్వు చూసుకోలేదు, అంతే. ఇటు తే.”

నోటుబుక్కులో మూడు గళ్లు: పేరు, మెయిల్, ఇంటి గుర్తు. నెట్‌లో చేరేవాళ్లకు కూడా అదే. మెయిలు పంపడానికి ఇల్లెందుకని అడిగితే, “ఉండనీ, ఎందుకన్న మంచిది” అనేది. అదెందుకో, మొదటి మనిషి జాబు మానేసినప్పుడు తెలిసింది. పొద్దున ఆ మనిషి వేలు పెట్టాడు, సాయంత్రానికి అక్క వాళ్ల గేటు ముందర ఉంది.

ఈ కబురు పాకింది. భువనగిరిలో ఒక వకీలు పొరపాటున ఆ మాట నొక్కి, భయపడి, ఐదు నిమిషాల్లో భార్య పేరు మీద మళ్లీ చేరాడు. ఇలాంటి జాబులకు పాఠకులను పెంచుకోవడం గురించి నెట్‌లో పాఠాలు చెప్పే పట్నం కుర్రాడొకడు, “తెరవనోళ్లను లిస్టు నుంచి తీసెయ్యండి మేడం, తెరిచేవాళ్ల శాతం పెరుగుతుంది” అని సలహా ఇచ్చాడు. అక్క ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, “పాపం, ఆ పిలగానికి చుట్టాలెవరు లేనట్టున్నది” అంది.

నాకూ కోపం వచ్చిన సందర్భం ఒకటుంది. భువనగిరిలోనే సుగుణమ్మ అని రిటైరైన టీచరు జాబు మానేస్తే, అక్క వెళ్లి మూడు రోజులు రాలేదు. వచ్చాక, “టీచరమ్మ మల్ల చదువుతాంది” అని మాత్రం చెప్పింది. ఒక్క పాఠకురాలి కోసం ముసలామెను మూడు రోజులు పీడించిందా అని నేను రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఏమాటకామాట, జాబు మాత్రం గొప్పగా ఉండేది. నాలుగేళ్లలో పదకొండు కాస్తా పదమూడు వందలైంది. అప్పుడు హైదరాబాదులో పుస్తకాలు వేసే ఒకాయన ఫోన్ చేశాడు. ఉగాదిలోపు ఏదో ఒక శనివారం వెయ్యిమంది జాబు తెరిచినట్టు చూపిస్తే పుస్తకం వేస్తానన్నాడు. అక్కకు అంతకన్నా పెద్ద కోరిక ఏదీ లేదు. వారం వారం లెక్క పెరిగి, తొమ్మిది వందల ఎనభై ఏడు దగ్గర ఆగింది. ఉగాదికి ముందు ఇక ఒక్క శనివారమే మిగిలింది.

ఆ ముందురోజు, శుక్రవారం పొద్దున, దేవరకొండ పక్క పల్లె నుంచి సుహాసిని అనే అమ్మాయి జాబు మానేసింది.

“జాబు సగమే రాసినవు. ఈ ఒక్కదినం ఆగరాదక్కా” అన్నాను.

“బస్సుల రాసుకుంట. నువ్వు గూడ రా, ముచ్చట పెట్టుకుంట పోదాం.”

ముచ్చట్లు పెట్టాము. జాబు మాత్రం సగం దగ్గరే ఉంది.

సుహాసిని నర్సింగ్ చదివిన పిల్ల. తల్లి బీరమ్మతో పాటు మిరపతోట కూలికి పోయి అప్పుడే వచ్చింది. అక్కను చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

“నీ జాబు మీద కోపం లేదక్కా. ఫోన్ల జాగ లేదని చూపిస్తాంది. ఉన్నయన్ని తీసేస్తున్న.”

“అంతేనా? ఇటు తే, నేను తీస్త.”

అక్క మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బీరమ్మ చాయ్ ఇచ్చింది. అక్క ఒక్కో మెయిలూ పైకి చదువుతూ తీసేస్తోంది. “లోనిస్తడంట, ఎవడడిగిండు? చీరలు సగం ధర. సగమెందుకు, పాతయి చాలు. విదేశీ యాత్రనంట, బీరమ్మా, పోతవా?”

“మిరప ఏరుడైనంక జూద్దాం” అంది బీరమ్మ.

చెత్త మెయిళ్లు పడే పెట్టెలోకి వెళ్లాక అక్క వేలు ఆగింది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖాన నుంచి వచ్చిన మెయిలది. వచ్చి పది రోజులైంది. నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ, శనివారం పది గంటలకు.

“శనివారమంటే రేపే గదనే” అంది అక్క.

సుహాసిని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. “వాళ్లు పిలువలేదనుకున్న. ఇగ రాదని తోటకు పోవుడు షురూ చేసిన. పట్నంల ఆ దవాఖాన ఏడున్నదో గూడ తెల్వదక్కా.”

“నేనొస్త” అంది అక్క.

నేను ఆమెను పక్కకు పిలిచాను. “రేపటి జాబో? పుస్తకమాయన రేపే గద లెక్క చూసేది. బస్సుల కూసోని ఫోన్ల రాయొచ్చు గద.”

“ఒక కన్ను జాబు మీద, ఒక కన్ను పిల్ల మీద పెడితె రెండు ఆగమైతయి మంజులా. రేపు జాబు లేదు.” గొంతులో దిగులు ఉంది గానీ తడబాటు లేదు.

ఆ సాయంత్రమంతా కూర్చుని, దవాఖానలో ఇవ్వడానికి సుహాసిని గురించి ఒక పేజీ రాసింది. ఫంక్షన్ హాలుకు వాడిన గొప్ప మాట ఒక్కటి కూడా అందులో లేదు. పిల్ల ఏం చదివిందో, ఏం చేయగలదో, అంతే. ప్రశ్నలడిగి జవాబులు చెప్పించింది. రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, పొద్దున మొదటి బస్సుకు ముగ్గురం బయలుదేరాం.

దవాఖానలో అక్క తన ఫోన్ నా చేతికిచ్చి, సర్టిఫికెట్ల జిరాక్సు కోసం సుహాసినితో వెళ్లింది. ఇంతలో ఫోన్ మోగింది.

“నేను భువనగిరి సుగుణమ్మ టీచర్ను బిడ్డా. జాబు రాలేదు. మల్లికకు పానం బాగున్నదా?”

బాగుందని, పని మీద వచ్చామని చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

“నా కండ్లు మసకలైనయని జాబు బంద్ చేసిన. సాయంత్రానికి ఇంటికొచ్చింది. నాకెవ్వరు లేరని దవాఖానకు తోలుకపోయి, ఆపరేషన్ చేయించి, మూడు దినాలు నాకు వండిపెట్టింది. నీకు చెప్పలేదా?”

“చెప్పలేదమ్మా” అన్నాను. రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నందుకు ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్క రాగానే నిలదీశాను. “నిన్న పిల్లను మల్ల జాబుల చేరమని ఒక్కమాటన్న అడగలేదు నువ్వు. ఇంకెందుకు పోతవు ఇండ్లకు?”

“రోజు పలకరించే మనిషి పలకరించకుంటే ఏమైందో చూసొస్తం గద. గంతే. నువ్వు అరటిపండ్లు తే, పిల్ల ఏం తినలేదు.”

పుస్తకమాయనకు సోమవారం తనే ఫోన్ చేసి, శనివారం బస్సులో ఉన్నాను, జాబు రాయలేదు అని చెప్పింది. మళ్లీ చూద్దాం లెండి అన్నాడాయన. ఇంకా చూస్తూనే ఉన్నాడు. అక్క ఒక పూట అన్నం సరిగ్గా తినలేదు, మర్నాటి నుంచి మామూలే.

సుహాసినికి ఉద్యోగం వచ్చింది. మొన్న ఒక శనివారం మేమిద్దరం చాయ్ తాగుతుంటే ఆమె ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాము.

“అక్కా, మా వార్డుల అందరికి జాబు సదివి వినిపిస్తున్న. పన్నెండు మంది వింటాన్రు. కాని వాళ్లకు మెయిళ్లు లేవు. నీ లెక్కల రారు.”

“రాకుంటే ఏమాయె.”

“పోయినవారం పదిహేను మంది ఉండిరి. ముగ్గురు నయమై ఇంటికి పోయిన్రు.”

మల్లికక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది.

“ఆ వార్డుల మాత్రం తగ్గనీ బిడ్డా” అంది. “ఎంత జల్ది తగ్గుతె అంత మంచిది.”