మిద్దె మీది పన్ను

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వడం నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచి అలవాటు. కొత్తవాళ్ళు చూసి, సిగ్గరి పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల అనుకునేవారు. మర్యాదా లేదు, మన్నూ లేదు. పై వరుసలో ముందు పన్ను ఒకటి లేదు, అంతే. ఆ సందు ఎవరి కంట పడినా నాకు చచ్చేంత సిగ్గు. ఇంత వయసొచ్చాక కూడా ఆ మాట రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

అప్పుడు మేం తాండూరులో ఉండేవాళ్ళం. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు. నాయన గనుల దగ్గరి నుంచి స్టేషనుకు బండ్ల మీద బండలు తోలేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మ. మా తాతల కాలంలో గొర్ల మందలుండేవట. అవన్నీ పోయి నాయనమ్మ చేతికి నాలుగు మేకలు మిగిలాయి. వాటిని ఎంత గారంగా చూసేదో నన్నూ అంతే గారంగా చూసేది, అంతే గట్టిగా తిట్టేది.

మా ఇంటి పక్కన ఖాళీ జాగాలో బండలను అంచుల మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి పెట్టేవారు. మా వాడకట్టు పిల్లలకు ఆ అంచుల మీద ఉరకడమే ఆట. వద్దని చెప్పని పెద్దవాళ్ళు లేరు, విన్న పిల్లలూ లేరు. ఒకరోజు నా కాలు జారింది. మూతి పోయి బండ అంచుకు తగిలింది. లేచేసరికి నోటి నిండా నెత్తురు, అరచేతిలో పన్ను. విరగలేదు, మొదలుతో సహా వచ్చేసింది. పన్ను లోపల ఇంత పొడుగుంటుందా అని ఏడుపు మధ్యలోనే ఆశ్చర్యపోయాను.

నాయనమ్మ ఉరికొచ్చి నోరు కడిగింది, కొంగు తడిపి చిగురుకు అదిమి పట్టింది. నెత్తురు ఆగాక, నా పాల పండ్లు ఊడినప్పుడల్లా ఏం చేసేదో అదే చేసింది. పన్నును పేడ ముద్దలో పెట్టి, ఇంటికి వీపు చేసి నిలబడి, వెనక్కి చూడకుండా మిద్దె మీదికి విసిరేసింది. ఊడిన పన్ను పిట్టల కంట పడితే కొత్తది రాదని మా దిక్కు నమ్మకం, అందుకే ఆ పేడ. అంతకుముందు ఊడినవన్నీ అక్కడికే పోయాయి, వాటి చోట కొత్తవీ వచ్చాయి. ఇదీ అట్లాగే వస్తుందని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను.

"ఏడ్వకు బిడ్డా. దీని లెక్కటిదే ఇంకోటి ఒస్తది తియ్యి" అంది.

తెల్లారేసరికి పెదవి బూరెలా ఉబ్బింది. నాయన భయపడి నన్ను రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయాడు. అక్కడ స్టేషను దగ్గర ఒక పండ్ల డాక్టరు వారానికి రెండు రోజులు వరసగా వచ్చి కూర్చునేవాడు. బయట బెంచీల మీద జనం. తలుపు తీసే ఉంది కాబట్టి లోపలి మాటలన్నీ అందరికీ వినిపిస్తాయి. డాక్టరు నా పెదవి ఎత్తి చూసి, పన్నేదని అడిగాడు.

నాయన చేతులు కట్టుకొని, "మిద్దె మీద ఉంది సార్" అన్నాడు.

బెంచీల మీది వాళ్ళంతా నవ్వారు. ఒకాయన పక్కవాడికి మళ్ళీ చెప్పి మరీ నవ్వాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు, కోపానికొచ్చాడు.

"ఇది పాల పన్ను గాదయ్యా. అది ఊడి, దాని జాగల వచ్చిన పన్ను ఇది. ఇగ మల్ల రాదు. నిన్ననే పట్టుకొస్తే అదే జాగల కూసోబెడుతుంటి."

తర్వాత నాయనకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. పన్నును పైభాగం పట్టుకొనే ఎత్తాలి, మొదలు ముట్టుకోవద్దు. మన్ను అంటితే నీళ్ళతో తేలిగ్గా కడగాలే తప్ప రుద్దొద్దు. ఆరిపోనివ్వకుండా పాలలో వేసుకొని, ఎంత తొందరగా వస్తే అంత మంచిది. పాల పన్నయితే వేరే, దాన్ని తిరిగి పెట్టే పని లేదు. నాయన ప్రతి మాటకూ తలాడించాడు. అవన్నీ ఎవరి పన్ను కోసం చెబుతున్నాడో నాకర్థం కాలేదు. నాది పోయింది కదా. నా కళ్ళు మాత్రం బయటి బెంచీల మీదే ఉన్నాయి. మేం బయటికి వచ్చేటప్పుడు వాళ్ళ మధ్యలోంచే నడవాలి.

తిరుగు రైలు ధారూర్‌లో ఆగితే నాయన జామకాయ కొని నా చేతిలో పెట్టాడు. నేను కొరకలేనని అంతలోనే గుర్తొచ్చి, తిరిగి తీసుకొని జేబులో వేసుకున్నాడు. ఆ జేబు వైపు చూస్తూ తాండూరు దాకా వచ్చాను.

ఇంటికొచ్చి నాయన జరిగింది చెబితే నాయనమ్మ కొట్టిపారేసింది.

"ఊడిన పన్ను మల్ల అతుకుతదార? గొర్రె కొమ్ము ఇరిగితే అతుకంగ చూసినవా? డాక్టర్లు ఊకె చెప్తరు గట్ల."

అయినా రోజూ పొద్దున నన్ను వాకిట్లోకి పిలిచి, "జర నోరు తెరువు" అని చిగురు చూసేది. నేనూ దాన్ని నాలుకతో తడుముకుంటూనే ఉండేదాన్ని. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండలు వచ్చాయి, పన్ను మాత్రం రాలేదు. ఎప్పటి నుంచో గాని, నాయనమ్మ నన్ను నోరు తెరవమనడం మానేసింది.

బడిలో నా పేరు దర్వాజా అయింది. పాఠం చదవమంటే "స" దగ్గర గాలి తుస్సుమనేది, ముందు వరుస పిల్లలు మొహం తుడుచుకున్నట్టు నటించేవారు. నాకు నా మీదే సిగ్గయితే పోనీ అనుకోవచ్చు, నాయనమ్మ మీదా సిగ్గే. సద్దిగిన్నె తెచ్చినప్పుడు గేటు దగ్గరే నిలబడమనేదాన్ని. పన్నును పేడలో పెట్టి పారేసిన మనిషి ఈమేనని ఎవరైనా వేలెత్తి చూపిస్తారని నా భయం. ఇంటికి ఎవరొచ్చి పన్నేమైందని అడిగినా, ఆమె వినేట్టుగా, "నాయనమ్మ మిద్దె మీద పడేసింది" అనేదాన్ని. ఆమె కూడా తగ్గేది కాదు. "పారెయ్యకపోతే ఏం చేస్తుంటిమి? అతుకుతదా అది?" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. తెలియక చేశాను బిడ్డా అని ఒక్క మాట అంటే ఏం పోయింది? ఆ ఒక్క మాట కోసం నేను మూడేళ్ళు కాచుకున్నాను.

మా పక్కింట్లో ఒక సాయిబుల కుటుంబం ఉండేది. ఆ ఇంటామెను ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె కూతురికి ఎనిమిదేళ్ళు. ఒక సాయంత్రం ఆ పిల్ల నీళ్ళ బిందెతో అరుగెక్కబోయి బోర్లా పడింది. కేకలు విని నేను పోయేసరికి ఖాలా మన్నులోంచి, నా పన్నులాగే పొడుగు మొదలున్న పన్ను తీసి, కొంగుతో తుడవబోతోంది.

"ఖాలా, తుడువకు. మొదలు పట్టుకోకు" అని అరిచాను.

"పాల పన్నే గద బేటీ. మల్లొస్తది, ఫికర్ లేదు" అంది ఖాలా.

కేకలకు వాడకట్టు ఆడవాళ్ళంతా అప్పటికే మూగారు. అంతమంది ఆడవాళ్ళ ముందు నోటి మీది చెయ్యి తీసి, పై పెదవి వేలితో ఎత్తి పట్టుకున్నాను.

"నాది గూడ మల్లొస్తదన్నరు" అన్నాను.

ఖాలా నా నోట్లోకి చూసి, చేతిలోని పన్ను వైపు చూసి, కొంగు వదిలేసింది. నేను డాక్టరు చెప్పినవన్నీ గడగడా అప్పజెప్పాను. వట్టి నీళ్ళతో కడిగాం. పాలు కావాలంటే ఆ వేళకు ఎవరింట్లోనూ లేవు. మా గడపలో నిలబడి అంతా వింటున్న నాయనమ్మ, "ఊడింది అతుకదు, ఊకె పరేషాన్ అయితున్నరు" అని గొణుక్కుంటూనే చెంబు తీసుకొని మేక కింద కూర్చుంది. ఆ పాలలో పన్ను వేసుకొని, నాయన తోడుగా, తల్లీ కూతుళ్ళు రైలుకు పరుగెత్తారు. డాక్టరు వికారాబాద్ వచ్చే రోజు కావడం ఆ పిల్ల అదృష్టం. పన్నును దాని చోట కూర్చోబెట్టి, పక్క పండ్లకు సన్నటి తీగతో కట్టి పంపాడు.

తీగ తీయించుకొని వచ్చిన రోజు ఖాలా కూతురిని ముందుగా మా ఇంటికే తెచ్చింది. నాయనమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకొని వెలుగులోకి తిప్పింది. పన్ను మీద వేలు పెట్టి మెల్లగా నెట్టింది. మళ్ళీ కొంచెం గట్టిగా నెట్టింది.

"నొస్త లేదవ్వా" అంది ఆ పిల్ల.

"మీ మన్మరాలి పుణ్యం" అంది ఖాలా. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే నేను నాయనమ్మ మొహమే చూస్తున్నాను. ఇప్పుడేమంటుందో చూద్దామని. ఆమె లేచి మేకల కొట్టంలోకి పోయింది. నేనూ వెనకాలే పోయాను, ఈసారి ఆ మాట అనిపించే తీరాలని.

నాయనమ్మ గడ్డి మోపు మీద కూర్చొని ఉంది. మేక వచ్చి మూతితో పొడుస్తున్నా పట్టించుకోవడం లేదు.

"అతికింది గద" అన్నాను.

"అతికింది" అంది. తల ఎత్తి నన్ను చూసింది. "గా డాక్టరు చెప్పిన నాడే నాకు అనుమానమైంది బిడ్డా. తల్లి లేని పిల్ల నోరు నా చేతులతోని పాడు చేస్తినా అని. అతుకదు, అతుకదు అని అనుకుంటెనే నాకు నిద్ర పట్టేది."

గెలవాలని వచ్చినదాన్ని, గడ్డిపోచలు తుంచుకుంటూ నిలబడ్డాను. మూడేళ్ళుగా నేను మొండితనం అనుకున్నది ఆమెకు నిద్ర పట్టించే ఆ ఒక్క మాటను. ఎవరొచ్చినా వాళ్ళ ముందు నేను మాటిమాటికీ గుంజి పారేయాలని చూసిందీ దాన్నే. నోట్లో సందు చూసి ఎవరు నవ్వినా అంత సిగ్గు వేయలేదు నాకు.

"ఇగ ఏమనుకొని పండాలె బిడ్డా?" అని అడిగింది నాయనమ్మ.